పిల్లలతో సముద్రం మీద ఉండగా పడవ మునిగితే ఏం చేయాలి

సెయిలింగ్ బోటు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు మా ఇంటికి వస్తే పడవ ఎన్ని అడుగులు, తెరచాపలు ఎక్కడ కుట్టించారు, మెరీనాకి నెలకెంత కడుతున్నారు అని అడుగుతారు. పడవ మునిగితే మీ ప్లాన్ ఏంటని మాత్రం అడగరు. శుభమా అని బయల్దేరుతూ ఆ మాటెందుకు అనుకుంటారు. నేను ఎమర్జెన్సీలో పనిచేసే నర్సుని. చెడు జరగొచ్చని ముందే అనుకుని ట్రాలీ సర్ది పెట్టుకోవడం మాకు రోజూ ఉండే పని. మా ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి ఒడ్డుకొచ్చారు. మాది కాకినాడ, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ప్లిమత్‌లో ఉంటున్నాం. తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ బాబు, 34 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ పడవ. తీరం కనబడనంత దూరం పిల్లల్ని తీసుకెళ్ళే ఏ తల్లిదండ్రులైనా ఇది చదవాలని రాస్తున్నాను.

పడవ మునిగేటప్పుడు ఆలోచించుకునే టైం దొరకదు. ఎవరు ఏం పట్టుకోవాలి, ఎవరు ఎవర్ని పట్టుకోవాలి అన్నది ఒడ్డు మీదే తేలిపోవాలి. కింద రాసినవన్నీ దీన్నుంచి వచ్చినవే.

రాబర్ట్‌సన్ కుటుంబం

1971 జనవరిలో డూగల్ రాబర్ట్‌సన్, భార్య లిన్, నలుగురు పిల్లలు ఇంగ్లండ్‌లోని ఫాల్మౌత్ రేవు నుంచి ‘లూసెట్’ అనే 43 అడుగుల చెక్క పడవలో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరారు. దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్న పడవ అది. అంతకుముందు వాళ్ళది పాడి వ్యవసాయం. డూగల్ ఒకప్పుడు మర్చంట్ నేవీలో చేశారు. లిన్ నర్సు. అమ్మాయి బహామాస్‌లో ఆగిపోయింది. పనామా దగ్గర ఓ కుర్రాడు వాళ్ళతో చేరాడు. 1972 జూన్ 15న గాలాపగోస్ దీవులకు పడమరగా సుమారు 200 మైళ్ళ దూరంలో ఓర్కా తిమింగిలాల గుంపు పడవ అడుగుని గుద్ది చీల్చింది. నిమిషాల్లోనే పడవ మునిగిపోయింది.

ఆరుగురూ గాలి నింపే రాఫ్ట్‌లోకి, దానికి తోడుగా ఉన్న ‘ఎడ్నమెయిర్’ అనే డింగీలోకి (పెద్ద పడవతో పాటు ఉండే చిన్న పడవ) చేరారు. చేతికందినవి కొన్ని ఉల్లిపాయలు, నారింజలు, నిమ్మకాయలు, లిన్ కుట్టుపెట్టె. రాఫ్ట్‌లో పది రోజులకు మించని నీళ్ళు. ఉపగ్రహానికి సిగ్నల్ పంపే పరికరాలు ఆ రోజుల్లో లేవు. పడవ మునిగిందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. పదిహేడు రోజులకు రాఫ్ట్ పాడైపోతే ఆరుగురూ తొమ్మిదడుగుల డింగీలోకి మారారు. వాన నీళ్ళు పట్టుకుంటూ, తాబేళ్ళూ చేపలూ పట్టి తింటూ, తాబేలు రక్తం తాగుతూ, ముప్పై ఎనిమిదో రోజున ఒక జపాన్ చేపల ఓడ కంటబడ్డారు. ఆరుగురూ బతికారు.

ఆ డింగీ ఇప్పుడు ఫాల్మౌత్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను. డబుల్ కాట్ కంటే కాస్త పొడుగు, అంతే. మా అమ్మాయి దాని పక్కన నిలబడి ఎవరెవరు ఎక్కడ కూర్చుని ఉంటారో వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. నలుగురు సరిపోయాక మిగతా ఇద్దరికీ చోటు దొరక్క నావైపు చూసింది. లైఫ్ జాకెట్ విషయంలో ఆ రోజు నుంచి తను నాతో వాదించలేదు. అవకాశం ఉంటే మీ పిల్లలకీ చూపించండి.

అదే సముద్రంలో 2023 మార్చి 13న ‘రెయిన్‌డాన్సర్’ అనే 44 అడుగుల పడవని తిమింగిలం గుద్దింది. గాలాపగోస్ నుంచి ఫ్రెంచ్ పాలినేషియాకి వెళ్ళే దారి అది. పావుగంటలో పడవ మునిగింది. అందులోని నలుగురూ రాఫ్ట్‌లో, డింగీలో ఉండగా సుమారు పది గంటల్లో మరో సెయిలింగ్ బోటు వచ్చి ఎక్కించుకుంది. ప్రమాదం సిగ్నల్ పంపే బీకన్ మోగింది, శాటిలైట్ ఫోన్ పనిచేసింది, చుట్టుపక్కల పడవలకి కబురు అందింది. అప్పటి ముప్పై ఎనిమిది రోజుల నిరీక్షణ పది గంటలకి తగ్గింది. అందుకే మా ఇంట్లో ఖర్చు అక్కడి నుంచే మొదలుపెట్టాం.

తెరచాపల కంటే ముందు బీకన్ కొనండి

ఈపిర్బ్ అంటారు. నీళ్ళల్లో తేలే, అరచేతికి కాస్త పెద్దదైన పరికరం. 406 మెగాహెర్ట్జ్ మీద ప్రమాదంలో ఉన్నవాళ్ళ సిగ్నళ్ళు అందుకునే కాస్పాస్-సార్‌శాట్ ఉపగ్రహాలకి సిగ్నల్ పంపుతుంది. కనీసం 48 గంటలు పంపుతూనే ఉంటుంది. జీపీఎస్ ఉన్నదే కొనండి. అది ఉంటే మీరున్న చోటు సుమారు వంద మీటర్ల తేడాలో తెలుస్తుంది. లేకపోతే కిలోమీటర్లలో వెతకాలి. పాతకాలం 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లు ఎవరైనా చవగ్గా అమ్ముతామంటే తీసుకోకండి. ఉపగ్రహాలు ఆ సిగ్నల్‌ని వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది.

కొన్నాక అసలు పని రిజిస్ట్రేషన్. పడవ పేరు, రంగు, ఎంతమంది ఉంటారు, ఒడ్డు మీద ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఆ బీకన్ నంబరుకి కట్టి ఉండాలి. సిగ్నల్ అందగానే కోస్ట్‌గార్డ్ మొదట చేసే పని ఆ ఒడ్డు మీది మనిషికి ఫోన్ చేయడం. ఆ మనిషికి మీ దారి, బయల్దేరిన రోజు, పడవలో పిల్లలున్నారన్న సంగతి తెలిసి ఉండాలి. మేము మా ఆడపడుచు పేరు ఇచ్చాం. కాకినాడలో ఉన్న అమ్మా నాన్నల పేరు ఇవ్వలేదు. అర్ధరాత్రి పరాయి దేశపు గొంతు ఫోన్‌లో వినబడితే వాళ్ళు టెన్షన్ పడి పడవ రంగు కూడా చెప్పలేరు. ఇండియా పడవైతే బీకన్ సిగ్నల్ బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి అందుతుంది, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కి వెళ్తుంది. తీరం దగ్గర ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

పెద్దవాళ్ళిద్దరి జాకెట్లకీ చెరొక చిన్న బీకన్ ఉంటే ఇంకా మంచిది. పీఎల్‌బీ అంటారు, 24 గంటలు పనిచేస్తుంది. రాఫ్ట్ ఒకవైపు, మనిషి ఒకవైపు కొట్టుకుపోతే అప్పుడు అదే దిక్కు.

ఎవరి పని ఏది

మా పడవలో మునిగే వేళ పనులు ఇలా పంచుకున్నాం. మా ఆయన లీకు చూస్తారు, రాఫ్ట్ విసురుతారు. రేడియో, బీకన్, బ్యాగు నావి. మా అమ్మాయి తమ్ముడి జాకెట్ బకిల్స్ పెట్టి, తొడల మధ్య పట్టీ బిగించి, వాడి చెయ్యి పట్టుకుని కాక్‌పిట్‌లో (డెక్ మీద చుక్కాని పట్టుకుని కూర్చునే చోటు) ఒకే చోట కూర్చుంటుంది. వాడి పని అక్క చెయ్యి వదలకపోవడం. పిల్లలకి పని చెప్పకుండా ‘కదలకండి’ అంటే భయపడి మన కాళ్ళ మధ్యకొస్తారు. పని చెప్తే అది చేస్తారు.

దీన్ని రేవులో కట్టి ఉండగా ప్రాక్టీసు చేయండి. పగలు చేయండి, తర్వాత రాత్రి లైట్లన్నీ ఆర్పేసి చేయండి. నిద్రలోంచి లేపి కూడా చేయండి. చీకట్లో బ్యాగు ఎక్కడుందో చెయ్యి వెతుక్కోకుండా వెళ్ళాలి. ఇద్దరిలో ఒకరు నీళ్ళల్లో పడిపోయో, దెబ్బ తగిలో ఉంటే మిగిలినవాళ్ళు ఆ పనులన్నీ చేయగలగాలి. మా ఆయన లేకుండా నేనొక్కదాన్నే రాఫ్ట్ డబ్బా డెక్ అంచు మీంచి తోయగలనో లేదో పరీక్షించుకునే రాఫ్ట్ ఎంచుకున్నాం. ఆడవాళ్ళు ఈ విషయంలో దుకాణంలోనే పట్టుబట్టి ఎత్తి చూడాలి. నలభై కిలోల డబ్బా కొనేసి ‘ఆయన చూసుకుంటారు’ అనుకోవద్దు.

పిల్లల జాకెట్ల గురించి ఒక మాట. 20 కిలోల లోపు పిల్లలకి గాలి నింపే జాకెట్ వద్దు, ఫోమ్‌ది కొనండి. తొడల మధ్య పట్టీ లేకుండా ఏ జాకెట్టూ కొనకండి. పట్టీ లేకపోతే నీళ్ళల్లో జాకెట్ పైకి జారుతుంది, పిల్ల కిందికి జారుతుంది. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనవాళ్ళకి ఉంది. బట్టలకి సరే, దీనికి వద్దు. నీళ్ళు తగలగానే వాటంతటవే ఉబ్బే జాకెట్లు వేసుకుని నీళ్ళు నిండుతున్న క్యాబిన్‌లోకి వెళ్ళకండి. అవి ఉబ్బి మనిషిని కప్పుకి అదిమేస్తాయి, గుమ్మంలోంచి బయటికి రానివ్వవు.

బ్యాగులో ఏముండాలి

తేలే బ్యాగు, మెరిసే రంగు, కాక్‌పిట్ మెట్ల దగ్గర తాడుతో కట్టి ఉంచండి. ఓడలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో (చేతిలో పట్టుకునేది), రెండు టార్చిలు, అద్దం, మంటతో, పొగతో సిగ్నల్ ఇచ్చే ఫ్లేర్లు, కత్తి, వాంతుల మాత్రలు, రోజూ వేసుకునే మందులు ఒక వారానికి, నీళ్ళు, గ్లూకోజ్ బిళ్ళలు, టోపీలు, సన్‌స్క్రీన్, స్పాంజిలు, గాలాలు, సన్నటి తాడు, సూది దారం, గట్టి ప్లాస్టిక్ సంచులు, పాస్‌పోర్టులు, కొంత డబ్బు, పుస్తకం, పెన్సిల్. కళ్ళజోడు వాడేవాళ్ళకి ఇంకో జత తప్పనిసరి. దూరాన ఓడ ఉందో లేదో కనబడకపోతే ఫ్లేర్లు ఎప్పుడు కాల్చాలో తెలియదు. పిల్లలకి ఒక్కో చిన్న బొమ్మ పెట్టండి. మా వాడు ఏనుగు బొమ్మని తనే బ్యాగులో దాచుకున్నాడు. బ్యాగు ఎక్కడుందో ఇంట్లో అందరికంటే బాగా వాడికే గుర్తు.

మందుల పిల్లల డోసు ముందుగా డాక్టర్‌ని అడిగి, డబ్బా మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి. తడిసిన చేతులతో, ఊగే చీకట్లో లెక్కలు వేయలేం.

నీళ్ళ మీద ఇంకొంత ఖర్చు పెట్టగలిగితే సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే చేతిపంపు కొనండి. గంటసేపు కొడితే లీటరు దాకా వస్తుంది. చేతులు పడిపోతాయి. అయినా సముద్రం దాటే కుటుంబానికి అది ఉండాలనే నా అభిప్రాయం.

నీళ్ళు లోపలికొస్తున్నాయి

మొదట ఒక వేలితో రుచి చూడండి. ఉప్పగా లేకపోతే మీ ట్యాంకు కారుతోంది, ఊపిరి పీల్చుకోండి. ఉప్పగా ఉంటే అందరికీ జాకెట్లు, పిల్లలు పైకి. తర్వాత వెతకండి. టాయిలెట్ పైపులు, ఇంజిన్ చల్లబరిచే నీటి పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికెళ్ళే చోటు, చుక్కాని మొదలు. పడవ అడుగున రంధ్రం ఉన్న ప్రతి వాల్వ్ పక్కనా దానికి సరిపోయే చెక్క బిరడా తాడుతో కట్టి వేలాడుతూ ఉండాలి. ఒకే డబ్బాలో అన్నీ వేసి ఎక్కడో పెడితే కావలసినప్పుడు దొరకవు.

రెండంగుళాల రంధ్రం నీటిమట్టానికి అర మీటరు కింద పడితే నిమిషానికి 200 లీటర్లకు పైగా నీళ్ళు వస్తాయి. ఫ్యామిలీ బోట్లలో మామూలుగా ఉండే ఎలక్ట్రిక్ పంపు అంత తోడలేదు. కాబట్టి పంపు ఆన్ చేసి నిశ్చింతగా ఉండకూడదు. రంధ్రానికి అడ్డం పెట్టడమే ముఖ్యం. పరుపు, దిండు, తువ్వాలు, ఏదైనా కుక్కి, కాలితో తన్ని పట్టండి. బయటి నుంచి తెరచాప గుడ్డనో టార్పాలిన్‌నో తాళ్ళతో పడవ కింద నుంచి లాగి కప్పగలిగితే నీటి ఒత్తిడే దాన్ని రంధ్రానికి అదుముతుంది. పూర్తిగా ఆగకపోయినా, పంపు అందుకునేంత తగ్గితే పడవ బతుకుతుంది.

ఈలోగా రెండో మనిషి రేడియో దగ్గర ఉండాలి. మునుగుతుందని ఖాయం అయ్యేదాకా మేడే (కాపాడమని రేడియోలో ఇచ్చే పిలుపు) చెప్పకుండా ఆగొద్దు. నీళ్ళు బ్యాటరీల దాకా వచ్చాయంటే రేడియో పోతుంది. రేడియో మీది ఎర్ర మూత తీసి డిస్ట్రెస్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత చానల్ 16లో మాట్లాడండి. మా రేడియో పక్కన ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కార్డు ఉంది. అందులో మా అమ్మాయి కూడా చదవగలిగేలా ఇలా రాసి ఉంది: మేడే, మేడే, మేడే. దిస్ ఈజ్, తర్వాత పడవ పేరు మూడుసార్లు. మేడే, పడవ పేరు, కాల్ సైన్ (పడవకి ఇచ్చిన రేడియో గుర్తు). అవర్ పొజిషన్ ఈజ్, తర్వాత జీపీఎస్ తెర మీది అంకెలు ఒక్కొక్కటిగా. వీ ఆర్ సింకింగ్. ఫోర్ పర్సన్స్, టూ ఆర్ చిల్డ్రన్. వీ రిక్వైర్ ఇమీడియట్ అసిస్టెన్స్. ఓవర్. ప్రమాదం కబురు ఇంగ్లీషులో ఈ వరసలోనే వెళ్ళాలి. అవతలి ఓడలో రేడియో దగ్గరున్న మనిషి ఏ దేశంవాడైనా ఈ వరస గుర్తుపడతాడు.

తీరానికి 30 మైళ్ళు దాటాక వీహెచ్ఎఫ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. బీకన్ ఆన్ చేయండి, శాటిలైట్ ఫోన్ ఉంటే ఇంకా నీళ్ళు చేరని చోటు నుంచే చేయండి.

పడవని ఎప్పుడు వదలాలి

ఇక్కడి నావికులు రాఫ్ట్‌లోకి కిందికి దిగకూడదు, పైకెక్కాలి అంటారు. అంటే పడవ మునిగి రాఫ్ట్ కంటే కిందికి వెళ్ళేదాకా పడవ మీదే ఉండమని. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల రేసుని తుపాను కమ్మినప్పుడు 24 పడవల సిబ్బంది తమ పడవలు వదిలేశారు. వాటిలో మునిగినవి ఐదే. మిగతావి తర్వాత తేలుతూ దొరికాయి. రాఫ్ట్‌లలోకి వెళ్ళినవాళ్ళలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తెరచాప స్తంభం విరిగినా, లోపల మోకాలి లోతు నీళ్ళున్నా, పడవ రాఫ్ట్ కంటే పెద్దది, పొడిగా ఉంటుంది, విమానానికి కనబడుతుంది. భయంతో పిల్లల్ని ముందే రాఫ్ట్‌లోకి దించేయాలని తల్లికి అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అక్కడ మనసుని ఆపుకోవాలి. నిప్పంటుకుంటేనో, గ్యాస్ లీకైతేనో మాత్రం ఆగకండి.

హుస్సేన్ సాగర్‌లో డింగీ నేర్చుకుని వచ్చినవాళ్ళకి పడవ తిరగబడితే తిరిగి నిలబెట్టడం అలవాటే. ఆ ధైర్యం పనికొస్తుంది. కానీ క్యాబిన్ ఉన్న పడవ లోపల నీళ్ళు నిండితే, డింగీకి చేసినట్టు అడుగున ఉండే బోర్డు పట్టుకుని లాగితే లేవదు. దానికి వేరే శిక్షణ కావాలి. రాఫ్ట్‌ని ఈత కొలనులో తిరగేసి మళ్ళీ నిలబెట్టడం, నీళ్ళల్లోంచి అందులోకి ఎక్కడం నేర్పే ఒకరోజు కోర్సులు ఉన్నాయి. బ్రిటన్‌లో ఆర్‌వైఏ (అక్కడి పడవల సంఘం) నడిపే సీ సర్వైవల్ కోర్సు అలాంటిదే. భార్యాభర్తలిద్దరూ చేయాలి. తడిసిన బట్టలతో, ఉబ్బిన జాకెట్‌తో రాఫ్ట్‌లోకి ఎక్కడం ఎంత కష్టమో చదివితే తెలియదు.

రాఫ్ట్ విసిరే ముందు దాని పెయింటర్ తాడు (రాఫ్ట్‌ని పడవకి కట్టి ఉంచే తాడు) పడవకి గట్టిగా కట్టి ఉందో లేదో చేత్తో లాగి చూడండి. కట్టకుండా విసిరితే గాలి దాన్ని తీసుకెళ్ళిపోతుంది. గాలి చాటున ఉన్న వైపు విసిరి, తాడంతా బయటికొచ్చేదాకా లాగి, ఆఖర్న గట్టిగా ఒక గుంజు గుంజితే గ్యాస్ సిలిండర్ తెరుచుకుంటుంది. ముందు పెద్దవాళ్ళలో బరువైన మనిషి ఎక్కాలి, రాఫ్ట్ నిలకడగా ఉంటుంది. తర్వాత పిల్లలు, చేతుల మీదుగా, నీళ్ళల్లో దిగకుండా. తర్వాత బ్యాగు, బీకన్. ఆఖరి మనిషి. అందరూ ఎక్కాకనే తాడు కోయాలి. దాని కోసం రాఫ్ట్ గుమ్మం దగ్గర కత్తి ఉంటుంది. డింగీ ఉంటే దాన్నీ కట్టుకుని తీసుకెళ్ళండి. రాబర్ట్‌సన్ కుటుంబం బతికింది ఆ రెండో పడవ వల్లే.

రాఫ్ట్‌లో మొదటి గంట

డ్రోగ్ అనే గుడ్డ లంగరు నీళ్ళల్లోకి వదలండి, తిరగబడకుండా పట్టి ఉంచుతుంది. పైకప్పు మూయండి. నేలలో గాలి కొట్టండి. నీళ్ళు స్పాంజితో తీసేయండి. చలి నేల నుంచే ముందు ఎక్కుతుంది. ఉష్ణమండలంలో కూడా తడి బట్టలతో రాత్రి గడిస్తే పిల్లలు వణికిపోతారు. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని ఒళ్ళు ఒళ్ళు ఆనించి కూర్చోండి. పిల్ల వణుకు ఆగిపోయి మగతగా, మాటలు తడబడుతూ ఉంటే వేడెక్కిందని సంతోషించకండి. చలి ముదిరిందని అర్థం.

ఎక్కిన వెంటనే అందరూ వాంతుల మాత్రలు వేసుకోవాలి, సముద్రం మీద ఎప్పుడూ వాంతి కాని మనిషైనా సరే. రబ్బరు వాసన, మూసిన గుడారం, ఊపు, వీటితో కెప్టెన్లు కూడా వాంతి చేసుకుంటారు. వాంతితో పోయే నీళ్ళు తిరిగి తెచ్చుకోలేం. మొదటి రెండు గంటల్లో అందరూ మూత్రానికి వెళ్ళాలి. సిగ్గుపడి, భయపడి బిగపట్టుకుంటే తర్వాత రాదు. ఆడపిల్లలకి ఇది ముందే చెప్పి ఉంచాలి.

పెద్దవాళ్ళకి మొదటి 24 గంటలు నీళ్ళు ఇవ్వొద్దని, తర్వాత రోజుకి అర లీటరు చొప్పున ఇవ్వమని కోర్సుల్లో చెప్తారు. ఒంట్లో అప్పటికే ఉన్న నీరు ముందు వాడుకోనివ్వడానికి. దెబ్బలు తగిలినవాళ్ళకి, జబ్బుగా ఉన్నవాళ్ళకి ఆ నియమం లేదు. చిన్నపిల్లలకి కూడా నేను దాన్ని వర్తింపజేయను. వాళ్ళ ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. గుక్క గుక్కగా ఇస్తూ ఉండండి. బీకన్ పనిచేస్తుంటే నీళ్ళు దాచుకుని పిల్లల్ని ఎండగట్టాల్సిన అవసరం అంతకన్నా లేదు.

సముద్రపు నీళ్ళు ఎవరూ తాగకూడదు. మంచినీళ్ళల్లో కలిపి కూడా తాగకూడదు. అందులో ఉప్పు మూడున్నర శాతం. మన కిడ్నీలు అంత చిక్కటి ఉప్పుని మూత్రంలో పంపలేవు. దాన్ని కడగడానికి ఒంట్లో ఉన్న నీరే ఖర్చవుతుంది. నీళ్ళు లేనప్పుడు చేప, మాంసం కూడా తినకండి, మాంసకృత్తులు అరిగాక మిగిలే యూరియాని బయటికి పంపడానికి నీళ్ళు కావాలి. గ్లూకోజ్ బిళ్ళలు ఇవ్వొచ్చు.

లిన్ రాబర్ట్‌సన్ చేసిన పని ఒకటి నర్సులందరికీ తెలియాలి. డింగీ అడుగున చేరిన వాన నీళ్ళల్లో తాబేలు రక్తం, కుళ్ళు కలిసిపోయి నోట పెట్టుకోలేకపోయారు. ఆ నీళ్ళు వృథా పోకుండా ఆమె వాటితో ఎనిమా ఇచ్చింది. పెద్దపేగు నీటిని పీల్చుకుంటుంది, కడుపుకి వాంతి రాదు. దొరికిన ట్యూబుతోనే అదంతా చేసింది. ఉప్పు లేని నీళ్ళతోనే ఇది చేయాలి. సముద్రపు నీళ్ళతో చేస్తే తాగినంత చేటు.

పిల్లల మనసు సంగతి. అబద్ధం చెప్పకండి. ‘ఇప్పుడే వచ్చేస్తారు’ అని గంట గంటకీ చెప్తే నాలుగో గంటకి మన మాట నమ్మరు. ‘బీకన్ మోగుతోంది, వాళ్ళకి మనం ఎక్కడున్నామో తెలుసు, రావడానికి టైం పడుతుంది’ అనండి. బీకన్ మీద మెరిసే లైటుని చూసే డ్యూటీ వాళ్ళకి ఇవ్వండి. రాబర్ట్‌సన్‌లు ఒడ్డుకెళ్ళాక ఒక చిన్న హోటల్ పెడితే అందులో ఏమేం వండాలో గంటల తరబడి మాట్లాడుకునేవారట. మా పిల్లలైతే పెసరట్టు దగ్గర మొదలుపెడతారు.

ఓడ కనబడితే

1973లో ఆ గాలాపగోస్ ప్రాంతంలోనే పడవ మునిగిన మారిస్, మారలిన్ బెయిలీ దంపతులు 117 రోజులు తేలారు. ఏడు ఓడలు వాళ్ళని చూడకుండా వెళ్ళిపోయాయి. అలల మధ్య రాఫ్ట్ అంత చిన్నగా ఉంటుంది. కాబట్టి ఓడ కనబడగానే కంగారుపడి ఫ్లేర్లన్నీ కాల్చేయకండి. పారాషూట్ రాకెట్ 300 మీటర్ల ఎత్తుకి వెళ్ళి 40 సెకన్లు వెలుగుతుంది, దూరపు ఓడకి అది. చేతిలో పట్టుకునేది ఒక నిమిషం వెలుగుతుంది, దగ్గరికొచ్చాక అది. నారింజ రంగు పొగ పగలు, విమానానికి. చేతి ఫ్లేరుని గాలి చాటు వైపు, రాఫ్ట్ బయటికి చాపి పట్టుకోండి, కరిగిన బొట్టు రాఫ్ట్ మీద పడితే రంధ్రమే. పిల్లల మొహాలు అటు తిప్పించండి. ఎండ ఉంటే అద్దం అన్నిటికన్నా మంచిది. ఎన్నిసార్లయినా వాడొచ్చు. చేతి రేడియోలో చానల్ 16లో పిలుస్తూ ఉండండి.

ఓడ పక్కకి వచ్చాక ప్రమాదం అయిపోయిందనుకోకండి. ఇనుప గోడ అంత ఎత్తు, రాఫ్ట్ పైకీ కిందికీ ఊగుతుంది. పిల్లల్ని నిచ్చెన ఎక్కించకండి. పైనుంచి తాడు వేయించుకుని, ఒంటికి తొడిగిన హార్నెస్‌ పట్టీలకి కట్టి, ఒక్కొక్కరినీ లాగమని రేడియోలో అడగండి. పెద్దవాళ్ళు నిచ్చెన పట్టుకోవాల్సి వస్తే రాఫ్ట్ అల శిఖరానికి లేచినప్పుడు పట్టుకుని వెంటనే రెండు మెట్లు పైకి వెళ్ళాలి. లేకపోతే తర్వాతి అలకి రాఫ్ట్ వచ్చి కాళ్ళకి కొడుతుంది. చాలాసేపు చల్లటి నీళ్ళల్లో ఉన్న మనిషిని నిలువుగా లాగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగొచ్చు. వీలైనంత వరకు పడుకోబెట్టినట్టు అడ్డంగా ఎత్తమని చెప్పండి. పైకి వెళ్ళాక కూడా లేచి నడవనివ్వకండి.

బీకన్‌ని కోస్ట్‌గార్డ్ ఆపమనేదాకా ఆపకండి. ఆపాక అందరూ క్షేమం అని, ఎంతమందో అంకె చెప్పి, మీ పేర్లతో సహా కబురు పంపించండి. పడవ ఇంకా తేలుతుంటే అదెక్కడ వదిలారో కూడా చెప్పాలి. లేకపోతే వేరే పడవలు చీకట్లో దానికి గుద్దుకుంటాయి, లేదా అది ఎవరికైనా కనబడి మీ కోసం మళ్ళీ వెతకడానికి హెలికాప్టర్ బయల్దేరుతుంది. రాఫ్ట్‌లో ఎక్కువ రోజులు గడిచి ఉంటే ఆకలేస్తోందని పిల్లలకి ఒక్కసారే కడుపు నిండా పెట్టకండి. కొంచెం కొంచెంగా, పల్చగా, డాక్టర్ మాట మీద ఇవ్వండి. రాత్రిపూట లైటు వేసి ఉంచి వాళ్ళ పక్కనే పడుకోండి. వాళ్ళు ఎన్నిసార్లు అడిగినా జరిగింది మళ్ళీ మొదట్నుంచి చెప్పండి.